ఇరవై నాలుగో తలుపు

నా కంప్యూటరులో పాటల ప్రోగ్రాం కట్టినప్పుడు అందులో ఒక సదుపాయాన్ని ఆయన నన్ను అడక్కుండా మూసేశాడు. మూసినట్టు చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు.

పోయిన మనిషి మీద ఫిర్యాదేమిటని మా ఇంట్లో నన్నే తప్పుపడుతున్నారు. మనిషి పోయినంత మాత్రాన చేసిన పని పోతుందా? నలభయ్యేళ్లు మైకుసెట్టు నడిపినవాణ్ణి. ఎక్కడో ఒక తీగ తెగితే పందిరంతా మూగబోతుంది. ఆ తీగ తెంపినవాడు మంచివాడా కాదా అన్నది తర్వాతి సంగతి.

ఆ మూసినదాని వల్ల నాలుగు పాటలు పాడైపోయాయి. అవి నావి కావు. మా రామచంద్రపురం చుట్టుపక్కల ఊడుపులప్పుడు, అంటే చేలో వరినారు నాటేటప్పుడు, ఆడకూలీలు పాడుకునే పాటలు. మైకుసెట్టు మానేశాక చిన్న రికార్డరు ఒకటి పట్టుకుని, ఇంటింటికీ తిరిగి, డెబ్భై దాకా పోగుచేశాను. పాడినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు. ఆ నాలుగూ ఎలా పాడయ్యాయో వరసలో చెబుతాను. నా తప్పు ఎంతో కూడా చెబుతాను. కానీ ముందు ఆయన సంగతి.

పేరు రాయను. వీధిలో అందరూ లాకాయన అనేవారు. కాలవ మీద లాకుల దగ్గర, నీటి తలుపులు ఎత్తి దించే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆఫీసువాళ్లు నీటిమట్టాలు ఎక్కించడానికి ఒక కంప్యూటరు తెచ్చిపెట్టి, నేర్పే మనిషిని తేవడం మర్చిపోతే, కూర్చుని తనే నేర్చుకున్నాడట. నాదీ ఐదో తరగతితో ఆగిన చదువే. ఆంప్లిఫయరు విప్పి చూసి నేర్చుకున్నాను, పేపరు చదివి తెలుగు నేర్చుకున్నాను. అందుకని ఇద్దరికీ పడిందనుకునేరు. సొంతంగా నేర్చుకున్నవాడికి సొంతంగా నేర్చుకున్న ఇంకొకడి మీద ఉండేటంత అనుమానం ఎవరిమీదా ఉండదు.

ఎండాకాలం కూడా గొడుగుతోనే వచ్చేవాడు. మా ఇంట్లో ఒకే ఒక మేకుకి తగిలించేవాడు. ఆ మేకుకి క్యాలెండరు ఉంటే దాన్ని తీసి కిందపెట్టి మరీ తగిలించేవాడు. కుడిచెయ్యి మాత్రం ఊరికే ఉండేది కాదు. ఆలోచన పడితే చాలు, గాలిలో చక్రం తిప్పుతున్నట్టు తిరిగేది. తలుపు ఎత్తే చక్రం. కుడివైపు తిరిగితే ఒప్పుకున్నట్టు, ఎడమవైపు తిరిగితే కాదన్నట్టు. ఇది నేను కనిపెట్టిన సంగతి. ఒకసారి మొహం మీదే అడిగితే, "అదేం లేదండి, కీళ్ల నొప్పి" అన్నాడు. చెయ్యి మాత్రం కుడివైపే తిరిగింది.

పొద్దున్న టిఫిను బండి దగ్గర ఆయన్ని చూడాలి. పిండి పెనం మీద పడకముందే గరిటె పట్టుకున్నవాణ్ణి ఆపేవాడు.

"అల్లం వేస్తావా?"

"వేస్తానండి."

"ఉల్లిపాయ?"

"అందరికీ వేసేదేనండి."

"అందరి సంగతీ నేనడగలేదు. నాకు వేస్తున్నావా లేదా?"

"ఏంటండీ లాకాయనగారూ, పెసరట్టు తినడానిక్కూడా అర్జీ పెట్టుకోవాలా?"

"వేశాక తియ్యలేం కదయ్యా."

ఈ మాట ఆయన నోట నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను. వెనకాల నిలబడ్డవాళ్లు విసుక్కునేవారు. ఆయనకి పట్టేది కాదు. అడిగినవన్నీ అడిగి, చివరికి అందరూ తినే అట్టే తినేవాడు. అదే నాకు మండేది. "ఇంతా చేసి మామూలు అట్టేగా తిన్నారు?" అంటే, "మామూలుది తిన్నానండి, అడిగి తిన్నాను" అనేవాడు.

ప్రోగ్రాం కట్టే విషయంలోనూ అంతే. పోగుచేసిన పాటల్ని కత్తిరించి, శుభ్రంచేసి దాచుకోవడానికి నాకొక ప్రోగ్రాం కావలసివచ్చింది. నా కంప్యూటరు బాగా పాతది. తయారుగా దొరికే ప్రోగ్రాములు కొత్తవాటికే పంపుతున్నారు, నాలాంటి వాటిని వదిలేశారు. అయితే కొన్ని ప్రోగ్రాములకి, రాసినవాళ్లు మూలాన్ని, అంటే సోర్సు కోడుని, ఎవరైనా తీసుకోవచ్చని పెడతారట. దాన్ని తెచ్చుకుని, మన యంత్రంలోనే, మనకి తగ్గట్టుగా కట్టుకోవాలి. ఆయన పెన్‌డ్రైవులో తెచ్చాడు.

"తయారుగా వచ్చేది ఎవరో వేసి పంపిన అట్టండి. మూలమంటే పిండి. ఏది కావాలో ఏది వద్దో ఇప్పుడే అడిగించుకోవాలి," అన్నాడు.

కట్టేముందు కాన్ఫిగర్ అని ఒక మెట్టు ఉంటుంది. దాన్ని సాయం అడిగితే, ఆ ప్రోగ్రాంలో ఉంటే ఉండొచ్చు లేకపోతే లేదు అనే భాగాలన్నీ పట్టీలా చూపిస్తుంది. కొన్ని మనం వద్దనకపోతే వచ్చేస్తాయి. కొన్ని మనం కావాలంటేనే వస్తాయి. మూడో రకం ఉంది, అది మనల్ని అడగదు. తనకి కావలసిన సరుకు మన యంత్రంలో ఉందేమో తనే వెతుక్కుంటుంది. దొరికితే కలిపేసుకుంటుంది, దొరక్కపోతే మానేస్తుంది. రెండూ చడీచప్పుడు లేకుండానే.

ఆ మూడో రకమంటే ఆయనకి ఒళ్ళుమంట. "అడక్కుండా తెరిచే తలుపు, అడక్కుండా మూసే తలుపు. మా కాలవల మీద చేలు ముంచినవి ఈ రెండేనండి, వాన కాదు," అనేవాడు. ఉద్యోగం కొత్తలో ఎవరో ఆయనకి చెప్పకుండా ఒక తలుపు రెండంగుళాలు ఎత్తితే, మర్నాటికి కింది నారుమళ్ళన్నీ నీళ్లలో ఉన్నాయట. ఆ రైతులు వచ్చి ఆయన్నే చొక్కా పట్టుకున్నారట. అప్పటినుంచి ప్రతి తలుపుకీ పుస్తకం. ఏ తలుపు, ఎందుకు మూశాం, ఎవరు చెప్పగా మూశాం, తెరిచిన తేదీ. రిటైరయ్యాక కంప్యూటర్లకీ అలాంటి పొడుగు పుస్తకమే పెట్టాడు. ఎవరింట్లో ఏం కట్టినా అందులో ఒక పేజీ. రాసేటప్పుడు అవతలివాళ్లకి కనబడకుండా కొంచెం పక్కకి తిప్పుకునేవాడు. ఆ తిప్పుకోవడం నాకు మొదటినుంచీ నచ్చలేదు.

ఆ రోజు ఆయన కుర్చీలో కూర్చోలేదు. పని పూర్తయ్యేదాకా నిలబడే ఉంటాడు, అదొక నియమం. పట్టీలో ఒక్కొక్కటీ తెలుగు చేసి చదివి, నావైపు తిరిగి, "కావాలా, వద్దా?" అనేవాడు. నేను కాగితం మీద రాసుకున్నాను. అనుమానం ఉన్నచోట కాగితం ఉండాలన్నది నా పద్ధతి.

"ఎంపీత్రీగా దాచుకోవడం. కావాలా, వద్దా?"

"కావాలి."

"ఇంటర్నెట్టుకి పంపడం?"

"అక్కర్లేదు. ఎవరికి పంపుతాను?"

"వేరే భాషల్లో మెనూలు?"

"తెలుగు ఉందా?"

"సగం ఉందండి."

"సగమేంటి?"

"మిగతా సగం ఎవరూ చెయ్యలేదండి. మీరు చేస్తారా?"

"కట్టడానికొచ్చారా, పని అంటగట్టడానికొచ్చారా?"

అలా ఇరవై మూడు అడిగాడు. ఇరవై మూడింటికీ నేను చెప్పిందే కొట్టాడు. తర్వాత యంత్రాన్ని కట్టమన్నాడు. తెరనిండా అక్షరాలు వరద గోదారిలా పరిగెత్తాయి. ఆయన మానిటరు మీద అరచెయ్యి ఆన్చి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నాకు అనుమానం వచ్చింది. ఇంత సందడిలో నా పాటలు ఆ పెన్‌డ్రైవులోకి ఎక్కిపోతే నాకెలా తెలుస్తుంది? పని అయిపోయి ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే పెన్‌డ్రైవు తెరిచి చూశాను.

"ఏం కనబడిందండీ?" తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

పెన్‌డ్రైవు పీకి ఆయన చేతిలో పెట్టాను.

"పర్లేదండి. నేనైనా చూసేవాణ్ణే," అని గొడుగు తీసుకున్నాడు. అంతకుముందే తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పక్కకి తిప్పుకునే.

ఇంకొక రోజు సంగతి చెప్పాలి. ఇది ప్రోగ్రాం కట్టడానికి ముందు. ఆయనకి మంగాయమ్మ పాట వినిపించాను. ఊడుపుల్లో అందరికీ ముందు ఎత్తుకునే గొంతు ఆవిడది. నేను రికార్డు చేసేనాటికి ఆవిడ చేలోకి వెళ్లడం మానేసింది. అరుగు మీద కూర్చుని పాడింది. ప్రతి చరణంలోనూ మూడో మాట దగ్గర గొంతు శ్రుతి కిందికి జారుతుంది, మళ్ళీ పైకొస్తుంది. ఆయన "మళ్ళీ పెట్టండి" అని మూడుసార్లు పెట్టించాడు.

"అక్కడ శ్రుతి తప్పిందండి. పెద్దావిడ కదా," అన్నాను.

"మీకు తప్పినట్టు వినబడిందా, తప్పని ఎవరైనా చెప్పారా?"

నాకు కోపం వచ్చింది. కోపంలో, ఎవరికీ చెప్పనిది చెప్పేశాను. వయసులో ఉన్నప్పుడు కాకినాడలో ఒక కచేరీకి మైకు కట్టాను. బ్యాటరీ అయిపోతూ శ్రుతిపెట్టె మెల్లగా దిగిపోతోంది. నాకు స్పష్టంగా వినబడుతోంది. వేదిక పక్కనుంచి పాకుతూ వెళ్లి గాయకుడి చెవిలో చెప్పాను. ఆయన మైకు ముందే, అందరికీ వినబడేలా, "మైకు కట్టేవాడికి శ్రుతి సంగతి దేనికయ్యా? నీ తీగలు నువ్వు చూసుకో" అన్నాడు. హాలంతా నవ్వింది. రెండో పాటకి శ్రుతిపెట్టె ఆగిపోయింది. అప్పుడు ఎవరూ నావైపు చూడలేదు. నవ్వినప్పుడు మాత్రం అందరూ చూశారు. ఆ హాలులో ముందు వరసలో ఎవరెవరు కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను.

లాకాయన చివరిదాకా విన్నాడు. చెయ్యి తిప్పాడు. ఎడమవైపు.

ఆయన పోయాక పెద్దకర్మకి వెళ్ళి భోంచేసి వచ్చాను. ఆ తర్వాత కొన్ని నెలలకి నా కంప్యూటరూ పోయింది. కాకినాడ తీసుకెళ్తే, అక్కడ రిపేర్లు చేసే అమ్మాయి పాత డిస్కు బయటికి తీసి, ఆయన ప్రోగ్రాం కట్టిన ఫోల్డరు తెరిచింది.

"చక్కగా దాచారండీ. కట్టేటప్పుడు ఏమేం చెప్పారో ఈ లాగ్‌లో మొదట్లోనే ఉంటుంది. ఇదిగోండి, ఇరవై నాలుగు చెప్పారు."

"ఇరవై మూడు," అన్నాను.

"ఇరవై నాలుగండి."

"నా దగ్గర కాగితం ఉంది."

"మీ కాగితంలో ఒకటి తప్పిపోయిందేమో మాస్టారూ."

"నేను మాస్టార్ని కాదు. నా కాగితం తప్పదు."

ఆ అమ్మాయి నవ్వకుండా, నా కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసింది. కాగితం తప్పలేదు. చివర ఒకటి ఎక్కువ ఉంది. పాడిన గొంతు శ్రుతి తప్పితే దాన్ని పట్టుకుని సరిచేసి పెట్టే భాగమట. దానిముందు 'వితౌట్' అని ఉంది. వద్దు అని.

"దానికి కావలసిన సరుకు దొరక్క మానేసిందేమో?" అన్నాను. మొదట్లోనే ఆయన్ని నేను అనుమానించలేదని ఇక్కడ రాసిపెడుతున్నాను.

"కాదండి. సరుకు మీ డిస్కులో ఉంది. ఉన్నా వద్దని చేత్తో కొట్టారు."

"పాత యంత్రం మొయ్యలేదనా?"

"ఇది చాలా తేలికండి, మోసేది."

ఇంక నాకు మిగిలిన దారులన్నీ చెడ్డవే. నేను బాగుచేసుకోకుండా ఉంటే ఆయనకేంటి లాభం? ఎవరికైనా ఇద్దామనుకున్నాడా? నా పాటలు ఎప్పటికీ మైకువాడి పాటల్లాగే ఉండాలనుకున్నాడా? జీవితమంతా "అడిగి చెయ్యండి, అడిగి చెయ్యండి" అని అట్లబండివాడి ప్రాణం తీసిన మనిషి, ఇరవై మూడుసార్లు నన్ను కావాలా వద్దా అని అడిగిన మనిషి, ఒక్కదాన్ని మింగేశాడంటే ఊరికే మింగుతాడా?

ఆ అమ్మాయి చేత కొత్త యంత్రంలో ఆ భాగం కూడా కలిపి కట్టించాను. ఇంటికొచ్చి మొదట మంగాయమ్మ పాట పెట్టాను. మీట నొక్కితే చాలు, మూడో మాట దగ్గర జారే గొంతు జారడం మానేసింది. గీత గీసినట్టు నిలబడింది. నిజం చెప్పొద్దూ, కళ్ళల్లో నీళ్లు తిరిగాయి. కాకినాడ హాలులో నవ్వినవాళ్లని పిలిచి వినిపించాలనిపించింది. అదే ఊపులో ఇంకో మూడు చేశాను. పాతవాటి మీదే సేవ్ చేశాను. పాతవి ఇంక ఎందుకనుకున్నాను. రికార్డరులో కార్డు ఎప్పుడో తుడిచేసి మళ్ళీ వాడేశాను. ఇది నా తప్పు, కాదనను.

మంగాయమ్మ మనవరాలు మా వీధిలోనే బట్టలు కుడుతుంది. పిలిచి వినిపించాను. మిషను మీద వంగి పనిచేసే పిల్ల, కుర్చీలో నిటారుగా కూర్చుని మొత్తం వింది.

"బాగుంది తాతగారూ. కానీ మా నాయనమ్మ ఇందులో వంగట్లేదేంటండీ?"

"వంగడమేంటి?"

"నారు గుచ్చడానికి వంగేది కదండీ. వంగినప్పుడు గొంతు కిందికెళ్లేది. లేచినప్పుడు పైకొచ్చేది. ఇంట్లో నాకు జోల పాడినా అలాగే పాడేది. ఇందులో ఎవరో నిలబడి పాడుతున్నారు."

ఆ పిల్లకి కాఫీ ఇమ్మని ఇంట్లో చెప్పి నేను బయటికి వచ్చేశాను.

ఐదో పాట ముట్టుకోలేదు. లాకాయన భార్యకి ఉత్తరం రాశాను. "చెల్లెమ్మా, మీ ఆయన నాకు అన్యాయం చేశాడు" అని మొదలుపెట్టాను. మూసినందుకు కాదు, చెప్పనందుకు. చెప్పి ఉంటే పోట్లాడేవాణ్ణి, నాలుగు రోజులు మాట్లాడేవాణ్ణి కాదు, ఆ తర్వాత ఆలోచించేవాణ్ణి. ఆలోచించి ఉంటే మంగాయమ్మ ఇవాళ వంగుతూ ఉండేది. మనిషి శాశ్వతంగా కాపలా కాయలేనప్పుడు తాళం ఎక్కడ పెట్టాడో చెప్పి పోవాలా వద్దా? జవాబు రాలేదు. రెండో ఉత్తరంతోపాటు నా కాగితానికి జిరాక్సు జతచేసి, ఆ పొడుగు పుస్తకంలో నా పేజీ ఒకసారి చూడమని రాశాను. మొన్న జవాబు వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"అన్నయ్యగారికి నమస్కారాలు. మీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి కోపం వచ్చి ఊరుకున్నాను. రెండోది చదివాక పుస్తకం వెతికాను. మీ పేజీలో ఇరవై మూడు వరసలకీ 'ఎవరు చెప్పగా' అన్న గడిలో 'వారు చెప్పగా' అని ఉంది. ఇరవై నాలుగోదానికి 'నేనే' అని ఉంది. ఎందుకు అన్నచోట రాసింది ఇది: 'శ్రుతి దిద్దేది. అడగలేదు. అడిగితే కావాలంటారు. చెవి మంచిది, దానిమీద నమ్మకమే లేదు, కాకినాడలో పోయింది. మంగాయమ్మ పాటతో మొదలుపెడతారు. ఆ దిగుడు తప్పు కాదని ఎవరో చెబితే కాదు, తనకే వినబడాలి. వినబడిన రోజు వెళ్ళి తెరిచి, చెప్పకుండా మూసినందుకు తిట్లు తిని రావాలి.' దాని పక్కన తెరిచిన తేదీకి గడి ఉంది అన్నయ్యగారూ. అది ఖాళీగా ఉంది."